ప్లగ్‌పాయింటు లేని దారికి కెమెరా

కెమెరా కొనేవారిలో చాలామంది ముందు బ్రాండు చూస్తారు, తరువాత మెగాపిక్సెళ్లు లెక్కపెడతారు, ఆపైన పండుగ ఆఫర్లు పోల్చుకుంటారు, అన్నీ తేలాక గానీ దానితో వచ్చే బ్యాటరీ ఎలాంటిదని అడగరు. ఇంట్లోనో పెళ్లి మండపంలోనో వాడే కెమెరాకు ఈ వరుస వల్ల పెద్ద నష్టమేమీ లేదు. అక్కడ గోడకు ప్లగ్‌పాయింటు ఉంటుంది, బరువు మోయడానికి వాహనం ఉంటుంది, వాన వస్తే తలదాచుకోవడానికి కప్పు ఉంటుంది. కావలసిన సామానంతా వీపున మోసుకుంటూ రోజుల తరబడి నడిచే ప్రయాణంలో, అంటే బ్యాక్‌ప్యాకింగ్‌లో, ఈ మూడూ ఉండవు గనుక వరుస తిరగబడుతుంది. ఏ చిత్రాలు కావాలి, ఎన్ని రోజులు కరెంటు ఉండదు, ఎంత బరువు మోయగలరు అనే మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకున్న తరువాతే కెమెరా పేరు ఎత్తడం మంచిదని ఈ అధ్యాయం ప్రతిపాదిస్తుంది.

బరువు, విద్యుత్తు అనే ఈ రెండు ఇబ్బందులూ డిజిటల్ కెమెరాకు పుట్టుకతో వచ్చినవే. 1975లో కోడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు నిర్మించిన తొలి నమూనా సుమారు 3.6 కిలోల బరువుండి, 16 నికెల్ కాడ్మియం బ్యాటరీలతో నడిచి, 0.01 మెగాపిక్సెల్ చిత్రాన్ని క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకునేది. అర్ధ శతాబ్దంలో చిత్ర నాణ్యత ఊహకందనంతగా పెరిగింది, బరువు పదో వంతుకు తగ్గింది. అయినా సెన్సారును, తెరను, లెన్స్ మోటారును నడపడానికి బ్యాటరీయే దిక్కు. కాబట్టి కెమెరాను విడి వస్తువుగా కాక, బ్యాటరీలు, ఛార్జరు, మెమరీ కార్డులు, సంచి కలిసిన ఒకే మూటగా లెక్కగట్టాలి.

మొదటి ప్రశ్న: ఏ చిత్రాల కోసం?

ఈ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పుకుంటే కొందరికి విడిగా కెమెరాయే అక్కరలేదని తేలవచ్చు. 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు గల ముద్రిత చిత్రానికి, అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కించినా, 3,600 × 2,400 చుక్కలు, అంటే 86 లక్షల పైచిలుకు పిక్సెళ్లు చాలు. పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్ కాబట్టి ఇది 9 మెగాపిక్సెళ్లకు కూడా చేరదు. పగటి వెలుతురులో కొండలనూ తోటి ప్రయాణికులనూ తీసి ఇంట్లోవారికి పంపాలనుకునే వారికి చేతిలోని ఫోనే ఈ పని చేసిపెడుతుంది.

ఫోను చేతులెత్తేసే సందర్భాలు ప్రధానంగా మూడు. దూరాన కొమ్మ మీదున్న పక్షినో, ఎదుటి వాలు మీద మేస్తున్న జంతువునో దగ్గరగా చూపాలంటే పొడవైన జూమ్ లెన్స్ కావాలి. తెల్లవారకముందు, చీకటి పడ్డాక, దట్టమైన అడవి నీడలో తీయాలంటే ఎక్కువ కాంతిని పోగుచేసే పెద్ద సెన్సారు కావాలి. చలికి మందపాటి చేతి తొడుగులు వేసుకున్న వేళ్లతో పనిచేయాలంటే టచ్ తెర కంటే నొక్కితే తెలిసే బటన్లు నయం. ఈ మూడింటిలో ఒక్కటైనా తమ ప్రయాణానికి వర్తిస్తుందని తేల్చుకున్నవారే విడి కెమెరా వైపు చూడాలి.

చర్చ గాలిలో సాగకుండా ఉండేందుకు ఇక్కడ ఒక నిర్దిష్ట ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. మొదటిసారి హిమాలయాలకు వెళ్లేవారు ఎక్కువగా ఎంచుకునే శీతకాలపు నడకల్లో ఇదొకటి. డెహ్రాడూన్ నుంచి రోడ్డు మార్గాన సుమారు 1,900 మీటర్ల ఎత్తున్న సాంక్రి గ్రామం చేరి, అక్కడి నుంచి జూడా కా తాలాబ్ అనే సరస్సు మీదుగా మంచులో గుడారాలు వేసుకుంటూ పైకి వెళ్లి, మళ్లీ సాంక్రికి దిగిరావడానికి సాధారణంగా నాలుగు రోజులు పడుతుంది. కెమెరా లెక్కలకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, సాంక్రి దాటాక ఆ నాలుగు రోజులూ ప్లగ్‌పాయింటు మీద ఆశ పెట్టుకోకూడదు.

రెండో ప్రశ్న: ఎంత బరువు?

వీపు సంచి మొత్తం బరువు మోసేవారి శరీర బరువులో ఐదో వంతు దాటకూడదన్నది నడకదారుల్లో వాడుకలో ఉన్న సూత్రం. 60 కిలోల మనిషికి ఇది 12 కిలోలు. స్లీపింగ్ బ్యాగు, చలి బట్టలు, నీళ్లు, తిండి సర్దాక మిగిలే చోటులో కెమెరా మూటకు ఒక కిలో కేటాయించడమే ఉదారం అనిపించుకుంటుంది. ఈ హద్దును ముందే గీసుకుంటే దుకాణంలో కళ్లు చెదరగొట్టే సరుకులో సగం తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది.

బరువును ప్రధానంగా నిర్ణయించేది సెన్సారు పరిమాణం. లెన్స్ నుంచి వచ్చే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే పలకే సెన్సారు. అది పెద్దదైన కొద్దీ మసక వెలుతురులో చిత్రం శుభ్రంగా వస్తుంది, దాన్ని నింపడానికి లెన్స్ కూడా పెద్దది కావలసి వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ అనేది 36 × 24 మిల్లీమీటర్ల సెన్సారు. ఏపీఎస్-సీ రకం సుమారు 23.5 × 15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13. ఒక అంగుళం రకంగా పిలిచేది, పేరుకు అంగుళమే అయినా, నిజానికి 13.2 × 8.8 మిల్లీమీటర్లు మాత్రమే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా తక్కువ బరువులో దొరికినా దాని లెన్స్‌లు తక్కువ బరువులో దొరకవు గనుక, నడక ప్రయాణానికి ఏపీఎస్-సీ, మైక్రో ఫోర్ థర్డ్స్, ఒక అంగుళం రకాల మధ్యనే ఎంపిక జరగడం సమంజసం. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 వంటి ఒక అంగుళం కెమెరా, 24 నుంచి 200 మిల్లీమీటర్ల జూమ్‌తో సహా, 302 గ్రాములే తూగి జేబులో పడుతుంది. అందుకు బదులుగా చిన్న బ్యాటరీతో, రాత్రి వేళ కొంత తగ్గే నాణ్యతతో సర్దుకోవాలి.

అద్దం ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకూ, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాకూ మధ్య పోలికలో బరువును విడిగా చూస్తే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో దృశ్యం అద్దం మీద పడి నేరుగా కంటికి చేరుతుంది కాబట్టి, చూస్తున్నంతసేపూ విద్యుత్తు దాదాపుగా ఖర్చు కాదు. మిర్రర్‌లెస్‌లో సెన్సారూ తెరా పనిచేస్తేనే దృశ్యం కనిపిస్తుంది. నికాన్ డీ3500 బ్యాటరీతో, కార్డుతో కలిపి 415 గ్రాములు, దాని 18-55 లెన్స్ 205 గ్రాములు, మొత్తం 620. ఒక్క ఛార్జింగ్‌కు తయారీదారు ప్రకటించిన ఫొటోల సంఖ్య 1,550. సోనీ ఏ6400 బ్యాటరీతో, కార్డుతో 403 గ్రాములు, 16-50 లెన్స్ 116 గ్రాములు, మొత్తం 519. ప్రకటించిన సంఖ్య తెర చూస్తూ తీస్తే 410. రెండోది తేలికైనదే అయినా, మొదటిదానికి దగ్గరగా రావాలంటే మరో రెండు బ్యాటరీలు చేర్చాలి, అవి సుమారు వంద గ్రాములు తూగుతాయి. చివరికి త్రాసులో రెండు మూటలూ సమానమే. డీ3500 తయారీ ఆగిపోయి సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతున్నప్పటికీ, తక్కువ ఖర్చుతో ఎక్కువ రోజులు నడవాలనుకునే వారికి అలాంటి పాత డీఎస్‌ఎల్‌ఆర్ నేటికీ తీసిపారేయదగినది కాదు. అయితే వెనుక తెర మీద చూస్తూ ఫొటోలు తీసే అలవాటున్నవారికి ఆ 1,550 సంఖ్య వర్తించదు.

మూడో ప్రశ్న: ఎన్ని రోజుల విద్యుత్తు?

బ్యాటరీ మీద మూడు కొలతలు ముద్రించి ఉంటాయి. ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ గంటలు, అది విద్యుదావేశపు పరిమాణం. వోల్టు అంటే ఆ విద్యుత్తును నెట్టే ఒత్తిడి. ఈ రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే వాట్ అవర్ అసలైన నిల్వ శక్తి. వోల్టేజీ వేరైన రెండు బ్యాటరీలను ఎంఏహెచ్‌తో పోల్చడం అర్థరహితం. కెమెరాలో 7.2 వోల్టుల దగ్గర 1,020 ఎంఏహెచ్ ఉన్న బ్యాటరీ సుమారు 7.3 వాట్ అవర్లది. పవర్ బ్యాంకులో లోపలి సెల్ 3.7 వోల్టులది గనుక 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నదానిలో ఉన్నది 37 వాట్ అవర్లు. సంఖ్యలను బట్టి పదింతలు అనిపించే తేడా నిజానికి ఐదింతలే. వోల్టేజీ మార్పిడిలో దాదాపు మూడో వంతు వృథా అవుతుందని తగ్గించుకుంటే, ఆ పవర్ బ్యాంకు ఆ బ్యాటరీని మూడుసార్లకు మించి నింపదు.

ఒక్క ఛార్జింగ్‌కు ఇన్ని ఫొటోలు అని ప్రకటించే సంఖ్యను జపాన్‌లోని కెమెరా తయారీదారుల సంఘం సీపా నిర్దేశించిన పద్ధతిలో కొలుస్తారు. సుమారు 23 డిగ్రీల సెల్సియస్ గదిలో, 30 సెకన్లకొక ఫొటో చొప్పున, రెండింట ఒకదానికి ఫ్లాష్ వెలిగిస్తూ, పది ఫొటోలకొకసారి కెమెరాను ఆపి మళ్లీ తెరుస్తూ పరీక్షిస్తారు. కొండ మీద ఫ్లాష్ అవసరం తక్కువ కాబట్టి ఆ మేరకు బ్యాటరీ మిగలాలి. కానీ దృశ్యం కోసం కెమెరా తెరిచి ఎదురుచూడడం, తీసినవన్నీ వెంటనే తెర మీద చూసుకోవడం, ఫోనుకు వైఫై ద్వారా పంపడం, వీడియో తీయడం ఆ మిగులును మింగేస్తాయి. అందువల్ల ఈ సంఖ్యను కెమెరాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి వాడుకోవచ్చు, ప్రయాణంలో అన్ని ఫొటోలు వస్తాయన్న హామీగా భావించరాదు.

ఈ లెక్కను చలి మరింత కుదిస్తుంది. ఎత్తు ప్రతి కిలోమీటరుకూ గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి సాంక్రికీ కేదార్‌కంఠ శిఖరానికీ మధ్య ఎత్తు తేడా ఒక్కటే సుమారు 12 డిగ్రీల వ్యత్యాసం తెస్తుంది. సూర్యోదయాన్ని శిఖరం మీద చూడాలని తెల్లవారుజామునే బయలుదేరేవారు రోజులోకెల్లా చల్లని గడియల్లోనే కెమెరా తీస్తారు. లిథియం అయాన్ బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య అయాన్లు ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ద్వారా కదులుతాయి. చలికి ఆ ద్రవం చిక్కబడి అయాన్ల కదలిక మందగించడంతో లోపలి నిరోధం పెరుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, శక్తి ఇంకా మిగిలి ఉండగానే బ్యాటరీ అయిపోయిందని భావించి కెమెరా ఆగిపోతుంది. ఆ బ్యాటరీని ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో కాసేపు ఉంచితే చాలావరకు తిరిగి పనిచేస్తుంది గనుక, ఒకటి కెమెరాలో, మరొకటి జేబులో ఉంచి మార్చుకుంటూ వాడడం, రాత్రిపూట అన్నింటినీ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోవడం శీతల ప్రదేశాల్లో తప్పనిసరి క్రమశిక్షణ.

ఇప్పుడు కేదార్‌కంఠ పద్దు వేయవచ్చు. మూడు రోజులు రోజుకు 100, శిఖరం ఎక్కే రోజు 200 చొప్పున 500 ఫొటోలు, అన్ని రోజులూ కలిపి 20 నిమిషాల వీడియో అనుకుందాం. కెమెరా ప్రకటిత సంఖ్య 400 అయితే, చలికీ ఇతర వాడకానికీ కలిపి దాన్ని సగానికి తగ్గించడం క్షేమం. అప్పుడు ఒక బ్యాటరీకి 200 ఫొటోలు, 500 ఫొటోలకు రెండున్నర బ్యాటరీలు, వీడియోకు మరో అర. మొత్తం మూడు, ఆపద్ధర్మంగా ఇంకొకటి కలిపితే నాలుగు. ఇదే పద్ధతిలో ఎవరి ప్రయాణానికి వారు తమ సంఖ్యలు వేసుకోవచ్చు. పద్దు మరీ పెద్దదైతే ముందుగా కోత పెట్టవలసింది వీడియోకు, ఆ తరువాత తెర మీద ఫొటోలు తిరగేసే అలవాటుకు.

అదనపు బ్యాటరీలా, పవర్ బ్యాంకా?

కెమెరా ఒక్కదానికే అయితే, నాలుగైదు రోజుల నడకకు అదనపు బ్యాటరీలదే పైచేయి. 7.3 వాట్ అవర్ల బ్యాటరీ సుమారు 50 గ్రాములు తూగి తన శక్తి మొత్తాన్నీ నేరుగా కెమెరాకు ఇస్తుంది. 200 గ్రాములకు పైబడిన పవర్ బ్యాంకు తన శక్తిలో కొంత మార్పిడిలో పోగొట్టుకుంటుంది, పైగా నింపడానికి గంటల సమయం అడుగుతుంది. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పొరగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది కాబట్టి, మంచు మీది గుడారంలో ఛార్జింగ్ పెట్టడమే ఒక సమస్య. ఫోను, తల లైటు, కెమెరా అన్నీ యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అయ్యేవైనప్పుడు, ప్రయాణం వారం దాటినప్పుడు పవర్ బ్యాంకుకు విలువ వస్తుంది. నేపాల్‌లో 5,364 మీటర్ల ఎత్తున్న ఎవరెస్ట్ బేస్ క్యాంపు దారిలో బస చేసే లాడ్జీలు డబ్బు తీసుకుని ఛార్జింగ్ ఇస్తాయి, పైకి వెళ్లేకొద్దీ ఆ రుసుము పెరుగుతుంది. అక్కడ ఒకసారి పవర్ బ్యాంకు నింపుకుని దానితో మిగతావన్నీ నడుపుకోవడం తెలివైన పద్ధతి. కెమెరా కొనేటప్పుడే అది యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జ్ అవుతుందా అని చూసుకుంటే విడి ఛార్జరు మోసే అవసరం తప్పుతుంది.

తల లైటు వంటి వాటిలో వాడే డబుల్ ఏ సెల్స్ గురించి కూడా ఒక మాట అవసరం. మామూలు ఆల్కలైన్ సెల్స్ చలికి త్వరగా నీరసిస్తాయి. మళ్లీ ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఇంతకంటే నమ్మదగినవి. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం వచ్చాక, వాడకుండా ఉంచినా ఛార్జింగ్ కారిపోతుందన్న పాత ఫిర్యాదు చాలావరకు తీరింది. ఒకసారి వాడి పారేసే లిథియం డబుల్ ఏ సెల్ ఖరీదైనదే అయినా, సుమారు 15 గ్రాముల బరువుతో, గడ్డకట్టే చలిలోనూ నిలకడగా పనిచేస్తుంది కాబట్టి అత్యవసర నిల్వగా తగినది.

చౌకగా దొరికే పేరులేని బ్యాటరీల విషయంలో పొదుపు తరచుగా నష్టంగా తేలుతుంది. వాటి మీద ముద్రించిన ఎంఏహెచ్ అతిశయోక్తి కావచ్చు, అతిగా ఛార్జ్ కాకుండా ఆపే రక్షణ సర్క్యూట్ నాసిరకంగా ఉండవచ్చు, కొన్ని కెమెరాలు వాటిని గుర్తించడానికే నిరాకరించవచ్చు. కనీసం ఒకటి రెండైనా కెమెరా తయారీదారు బ్యాటరీలు ఉంచుకోవడం, పవర్ బ్యాంకు కొనేటప్పుడు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు గుర్తు చూసుకోవడం, ఉబ్బిన బ్యాటరీని ఎంత ఖరీదైనదైనా వెంటనే పక్కన పెట్టడం భద్రతకు అవసరం.

హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో విమానంలో బయలుదేరేవారు మరో నియమాన్ని గుర్తుంచుకోవాలి. విడి లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను చెక్ ఇన్ సామానులో వేయకూడదు, క్యాబిన్‌లో చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. 100 వాట్ అవర్ల వరకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ఆమోదం కావాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లే కనుక హద్దులో ఉంటుంది. విడి బ్యాటరీల లోహపు కొనలు తాళాలకో నాణేలకో తగిలి షార్ట్ కాకుండా ఒక్కొక్కటీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి, లేదా కొనలకు టేపు అంటించాలి.

ఎండ, వాన, తేమ

ప్రయాణాలన్నీ మంచులోకే సాగవు. నల్లమల అడవిలో సలేశ్వరం నడకకు దారి తెరిచేది చైత్ర పౌర్ణమి రోజుల్లో, అంటే ఎండలు ముదిరిన వేళ. చలి బ్యాటరీ నుంచి లాక్కున్నది వెచ్చబడగానే తిరిగి ఇస్తుంది, ఎండ తీసుకున్నది మాత్రం తిరిగి రాదు. అధిక వేడిలో లోపలి రసాయనాలు క్షీణించి నిల్వ సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. బ్యాటరీలను తలుపులు మూసిన కారులోనో, ఎండ తగిలే సంచి పైజేబులోనో వదలకుండా బట్టల మధ్యలో ఉంచాలి.

వాన విషయంలో ప్రకటనల మాటలను జాగ్రత్తగా చదవాలి. వెదర్ సీలింగ్ అనే మాటకు కెమెరా కంపెనీలన్నింటికీ ఒకే కొలమానం లేదు. ఐపీ అనే అక్షరాల తరువాత వచ్చే అంకెలే పరీక్షించి ఇచ్చిన ప్రమాణం, వాటిలో మొదటిది ధూళి నుంచి, రెండోది నీటి నుంచి రక్షణను సూచిస్తుంది. సెలయేళ్లు దాటే వానకాలపు నడకలకు, 15 మీటర్ల లోతు వరకు నీటిని తట్టుకునే ఒలింపస్ టీజీ-6 వంటి 250 గ్రాముల కెమెరా, సెన్సారు చిన్నదే అయినా, తడవకుండా దాచిపెట్టుకోవలసిన ఖరీదైన కెమెరా కంటే ఎక్కువ చిత్రాలు తెస్తుంది.

తేమ వానతోనే రాదు. మంచులో చల్లబడిన కెమెరాను వెచ్చని గదిలోకి తేగానే గాలిలోని ఆవిరి లెన్స్ మీద, లోపలి భాగాల మీద నీటి బిందువులుగా మారుతుంది. లోపలికి వచ్చే ముందే మెమరీ కార్డు, బ్యాటరీ తీసేసుకుని, కెమెరాను గాలి చొరబడని జిప్ కవరులో మూసి, గది వేడికి వచ్చేదాకా తెరవకుండా ఉంచితే ఆ నీరు కవరు మీదే నిలుస్తుంది.

బయలుదేరే ముందు సాధన

ఎంపిక సరైనదో కాదో తేలేది ఇంటి దగ్గరే. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఒక సెలవురోజున, నిండా సర్దిన సంచితో, అనుకున్న కెమెరాతో నాలుగైదు గంటలు నడవాలి. కెమెరాను సంచి లోపల పెడితే తీసే ఓపిక ఉండదు, మెడకు వేలాడదీస్తే అడుగడుగునా ఛాతీకి కొట్టుకుంటుంది; భుజం పట్టీకి బిగించే క్లిప్పో, నడుము సంచో ఏది నప్పుతుందో ఆ నడకలోనే తెలుస్తుంది. కెమెరా మీద ఖర్చు పెట్టే ముందు సందేహం ఉన్నవారు నగరాల్లోని అద్దె దుకాణాల నుంచి అదే మోడల్‌ను ఒకటి రెండు రోజులకు తెచ్చుకుని పరీక్షించడం వివేకం.

సాధనలో ఈ క్రింది పట్టిక నింపుకుంటే నిర్ణయం స్పష్టమవుతుంది.

1. ఈ ప్రయాణం నుంచి తప్పక కావలసిన మూడు రకాల చిత్రాలు. వాటిలో ఫోను తీయలేనివి.
2. ప్లగ్‌పాయింటు లేని వరుస రోజుల సంఖ్య. ఆ రోజుల్లో కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు.
3. కెమెరా మూటకు కేటాయించిన గరిష్ఠ బరువు, గ్రాములలో.
4. మొత్తం ఫొటోలు, వీడియో నిమిషాలు. ప్రకటిత సంఖ్యలో సగం చొప్పున కావలసిన బ్యాటరీలు, పైన ఒకటి.
5. ప్రతి బ్యాటరీకీ ఒక అంకె. బయలుదేరే ముందు రోజు అన్నింటికీ నిండు ఛార్జింగ్. ఒక పెద్ద కార్డుకు బదులు రెండు చిన్న కార్డులు.
6. ఈ అయిదింటికీ సరిపోయే కెమెరాలు. వాటిలో ధర అందుబాటులో ఉన్నది.

ఆరో వరుసలో ఒకటి కంటే ఎక్కువ పేర్లు మిగిలితే చేతికి బాగా ఇమిడేదాన్ని తీసుకోవచ్చు, ఎందుకంటే అప్పటికి మిగిలిన తేడాలు దారిలో పెద్దగా లెక్కకు రావు. ఒక్క పేరూ మిగలకపోతే కొత్త కెమెరా కోసం వెతకడం ఆపి మొదటి వరుసకు తిరిగి వెళ్లి, కోరుకున్న మూడు రకాల చిత్రాల్లో ఒకదాన్ని కొట్టివేయాలి. ఆ కోత ఇంట్లో కూర్చున్నప్పుడే పడితే, శిఖరం మీద బ్యాటరీ ఖాళీ అయ్యాక ఏది వదులుకోవాలో తేల్చుకునే అగత్యం ఉండదు.